గొత్తిల్లకు ఎన్ని కిలోమీటర్లు

జూన్ 14, శనివారం. నాగర్‌కర్నూల్

కారు వచ్చింది. తెల్లది, చిన్నది, కరెంటుది.

ఇరవై ఆరేళ్లుగా బస్సుల కోసం కొట్లాడిన మనిషిని నేను. బస్సు వేయని ఊళ్లో ఓటు అడగొద్దని గోడల మీద రాయించాను. ఆ గోడల ముందు నుంచే ఇవాళ కారు నడుపుకుంటూ వచ్చాను. ఎవడైనా నవ్వితే ఏం చెప్పాలో దారి పొడుగునా తయారు చేసుకున్నాను. ఎవడూ నవ్వలేదు. అదింకా చిరాకు.

వాదన ఇది. వనపర్తి కాలేజీకి పోను నలభై అయిదు కిలోమీటర్లు, రాను నలభై అయిదు. ఏడున్నర బస్సు ఎత్తేశారు. పెట్రోలు కారు కొంటే ఎక్కడో చమురు కోసం జరిగే ప్రతి యుద్ధానికీ చందా కట్టినట్టే. కరెంటు కారు పుణ్యం కాదు, ఉన్నవాటిలో తక్కువ పాపం. వంటింటి పక్కన సాకెట్‌కు తగిలిస్తే తెల్లారేసరికి నిండుతుంది. శైలజ అంతా ఓపిగ్గా విని, మరి బల్మూరు బడికి నేనెట్ల పోవాలె సారూ అని అడిగింది. పెళ్లయిన ఇరవై మూడేళ్లలో ఆమె నన్ను సారూ అన్న ప్రతిసారీ నేను ఓడిపోయాను.

నా తోడబుట్టిన మణెమ్మక్క కారు చుట్టూ ఒకసారి తిరిగి, ముందు రేకు మీద అరచెయ్యి పెట్టి చూసింది. గింత దూరమొచ్చినా ఒళ్లు వెచ్చగలేదేంది తమ్మీ, పానముతోనే ఉన్నదా అని అడిగింది.

జూన్ 16, సోమవారం

స్టాఫ్ రూమ్‌లో సుదర్శన్ కాచుకొని ఉన్నాడు. ఎకనామిక్స్ చెప్తాడు. పదిహేనేళ్లుగా నాకు ప్రతిపక్షం. నీ బండికి పొగగొట్టం లేదనుకోకు దానియేలూ, ఉన్నది, బొగ్గు గాల్చే ఊర్ల ఉన్నది, నీ పొగను మంది ఇండ్లకు తోలినవ్, గంతే అన్నాడు. అందరూ నవ్వారు.

నేను వదల్లేదు. పెట్రోలు బండి కొన్ననాడు ఎంత మురికో పారేసేనాటికి అంతకన్నా మురికి. ఇది అట్లా కాదు, గ్రిడ్‌లో ఎండా గాలీ పెరిగేకొద్దీ ఇదీ శుభ్రపడుతుంది అన్నాను. టేబుల్ గుద్దాను. టీ ఒలికింది. వాడు తన కాగితాలు పక్కకు జరుపుకుంటూ మెల్లగా, మరి గా బ్యాటరీల కోసం మట్టి తవ్వే కూలోళ్ల సంగతేంది అన్నాడు.

అక్కడ ఆగిపోయాను. మట్టి తవ్వే కూలీల పేరెత్తితే నేను ఆగుతానని వాడికి తెలుసు.

అవ్వ మట్టి తవ్వే కూలి. గుంపు మేస్త్రి లారీలో కర్ణాటకకు తీసుకుపోయిన కాలువ కూలి. అక్కడే పోయింది. అప్పుడు నాకు ఐదేళ్లు, నేను ఊళ్లోనే ఉండిపోయాను, అవ్వ వెంట పోయింది అక్క. మొహం గుర్తు లేదు. ఫొటో లేదు. గొంతు గుర్తు లేదు. ఒక్క మాట కూడా గుర్తు లేదు. వ్యాసాల్లో ఆమెను అమ్మ అని రాస్తాను, ఎందుకంటే పత్రికల వాళ్లు అవ్వ అంటే నాయనమ్మ అనుకుంటారు. ఇక్కడ దిద్దేవాడు లేడు. అవ్వ. అవ్వ. అవ్వ.

జూలై 10, గురువారం

రాత్రంతా కరెంటు లేదు. బస్సులో నిలబడి వెళ్లాను. సుదర్శన్ నా చొక్కా మీద నలిగిన చోటు చూసి ఈల వేశాడు.

జూలై 26, శనివారం

అక్కను వనపర్తిలో కంటి డాక్టరుకు చూపించాను. గోడ మీద తెలుగులో నీటికాసులు అని రాసి ఉంది. డాక్టరు గ్లకోమా అన్నాడు. రెండు కళ్లకూ. పోయిన చూపు తిరిగి రాదట. చుక్కల మందు వేస్తే ఉన్నది కొన్నాళ్లు నిలబడొచ్చట. ఎన్నాళ్లు అని అడిగాను. మనిషిని బట్టి అన్నాడు. ఇంత చదువు చదివి ఈ జవాబా అని అరిచాను. అక్క నా చెయ్యి పట్టి బయటికి లాగింది.

కార్లో కూర్చున్నాక, నీ బండికి ఇంక ఎంతున్నది అని అడిగింది. అరవై రెండు శాతం అన్నాను. నా కండ్లకు ఎంతున్నదంట అని అడిగింది. నేను అద్దం సరిచేశాను. గా వైరేదో నాకు గూడ తగిలియ్యరాదు, తెల్లారేసరికి నిండుతనేమో అని తనే నవ్వింది.

యాభై తొమ్మిదేళ్లు. నన్ను హాస్టల్లో చేర్పించడానికి పన్నెండేళ్లకే తట్ట ఎత్తిన మనిషి. బావ పోయినప్పటి నుంచి తెలకపల్లి ఇల్లు మూసి మాతోనే ఉంటోంది. నేను మైకు పట్టి మాట్లాడే ప్రతి మీటింగు వెనకా ఆమె మోసిన మట్టి ఉంది. ఇది వ్యాసంలో రాస్తే చప్పట్లు కొడతారు. ఇంట్లో చుక్కల మందు టైముకు వేసేది శైలజ.

ఆగస్టు 3, ఆదివారం

అక్క అడిగింది. అవ్వ పోయిన నలభై ఏడేళ్లలో మొదటిసారి ఏదైనా అడిగింది.

చర్చి నుంచి వచ్చి, చెప్పులు విడవకుండానే అరుగు మీద కూర్చుంది. కండ్లున్నప్పుడే ఒక్కపారి గొత్తిల్లకు పోయొద్దాం తమ్మీ అన్నది. సమాధుల పండుగనాడు మంది అందరు వాళ్లవాళ్ల సమాధులకు సున్నమేసుకుంటరు, కొవ్వొత్తులు పెట్టుకుంటరు, నేను ఎవలదో సమాధి తుడిసి ఇంటికొస్త అన్నది. నవంబర్ రెండున ఊరందరికీ ఒక మట్టి దిబ్బ ఉంటుంది, మాకు లేదు. నాకు దేవుడు లేడు. సమాధుల పండుగ మీద నేను ఎక్కువే వెక్కిరించాను. ఇవాళ వెక్కిరించలేదు.

గొత్తిల్ల. మా అవ్వను పెట్టిన ఊరు. రాయచూరు దాటి, సురపురం సంతకు సగం రోజు నడక. కాలువ గట్టు పక్కన, తుమ్మచెట్టు కింద, తలాపున మూడు రాళ్లు. చూసినవాళ్లలో బతికున్నది అక్క ఒక్కతే. ఆ చోటును గుర్తుపట్టగలిగిన కళ్లు ప్రపంచంలో రెండే. అవి ఆరిపోతున్నాయి.

ఆ ఊరి పేరు ఏ పటంలోనూ లేదు. పాతికేళ్లుగా వెతుకుతున్నాను. 2004లో రాశాను, "పటం మింగిన ఊరు" అని. ఆనకట్ట కింద మునిగిపోయిన ఊళ్లలో గొత్తిల్ల ఒకటని, దాని పేరు కూడా మిగల్చకుండా చెరిపేశారని. నేను రాసినవాటిలో పదిమంది నోట్లో నానింది అదే. సభల్లో పిల్లలు అప్పజెప్తారు.

ఊరు మునిగినా కాలువ గట్టు ఉంటుంది కదా, వస్తా అన్నాను. మన బండ్లోనే తీసుకుపోతా అన్నాను.

ఆగస్టు 15, శుక్రవారం

శైలజతో గొడవ. డీజిల్ బండి కిరాయికి మాట్లాడుదాం అంటుంది. కంపెనీవాడు ఒక్క చార్జింగుకు రెండు వందల యాభై కిలోమీటర్లు అంటే మనది నూట అరవై దాటదు, గద్వాలకే వంద అయితది, ముసలామెను నడిమిట్ల నిలబెడతవా సారూ అన్నది. చార్జర్ల పటం తెరిచి చూపించాను. పనిచేసే చార్జరు ఉన్న చోటల్లా పచ్చ చుక్కలు. పటాల మీద నీకు ఎప్పుడొచ్చింది గింత నమ్మకం అన్నది.

అరగంట మాట్లాడాను. దూరప్రయాణం అనగానే డీజిల్ అనుకోవడం ఒక బానిసత్వమని, ఏడాదిలో రెండు ప్రయాణాల భయంతో మూడు వందల రోజులు పొగ మింగుతున్నామని, మనలాంటి వాళ్లే భయపడితే ఇంకెవరు మొదలుపెడతారని. ఆమె ఉతికిన బట్టలు మడతపెడుతూ విన్నది. నేను ముగించేసరికి బట్టలన్నీ అయిపోయాయి. నీకు అవ్వకాడికి పోవాల్నా, ఎవలనన్న గెలవాల్నా, జర తేల్చుకో అని బీరువా మూసింది.

సెప్టెంబర్ 23, మంగళవారం. వనపర్తి

ఓడిపోయాను. సుదర్శన్ ఇంట్లో రాస్తున్నాను. నా కారు వాడి వంటింటి కిటికీలోంచి కరెంటు తాగుతోంది.

దసరా సెలవులు కదా అని పొద్దున ఆరింటికి ముగ్గురం బయల్దేరాం. గద్వాల చేరేదాకా బాగుంది. దారి పొడుగునా బతుకమ్మకు తంగేడు పూలు కోసుకునే ఆడవాళ్లు. బీచుపల్లి దగ్గర కృష్ణ నిండుగా పోతోంది. అక్క అద్దం దించి గాలి పీల్చింది. గద్వాలలో పచ్చ చుక్క ఉన్న చోటికి సరిగ్గా చేరాం. మిషను ఉంది. స్క్రీను నల్లగా ఉంది. కాపలాదారు, మొన్నటి వానకు మూగబోయింది సార్, మీ సెల్లుల పచ్చగనే కనవడతది మల్ల అన్నాడు. ముప్పై ఎనిమిది శాతం. రాయచూరు చేరొచ్చు. చేరాక? ఫోన్లు చేశాను. ఎవడూ ఎత్తలేదు. అక్కడే నిలబడి ప్రభుత్వాన్నీ కంపెనీలనూ ఉతికాను. విన్నది కాపలాదారు ఒక్కడే. అతను నాకు నీళ్లిచ్చాడు.

వెనక్కి తిప్పుదాం అన్నది శైలజ. సారూ అనలేదు. అంత జాలిపడింది.

ఏసీ బంద్. గంటకు నలభై. ట్రాక్టర్లు దాటుకుంటూ పోయాయి. ఎనిమిది శాతం ఉండగా వనపర్తి. దిక్కులేక సుదర్శన్‌కు ఫోన్ చేశాను. వెక్కిరిస్తాడనుకున్నాను. ఎక్స్‌టెన్షన్ వైరు పట్టుకొని గేటు బయట నిలబడి ఉన్నాడు. వాళ్లావిడ ఉప్మా పెట్టింది. నా సిద్ధాంతం నాలుగు గంటలుగా వాడి మిక్సీ పక్కన ప్లగ్గులో ఉంది.

 

అక్టోబర్ 5, ఆదివారం

"పచ్చ చుక్కల అబద్ధం". పేపర్లో పడింది. బాగా తిట్టాను. నాలుగుసార్లు చదువుకున్నాను.

అక్టోబర్ 6, సోమవారం

గద్వాల నుంచి ఫోన్. ఇస్మాయిల్ అట. కరెంటు ఆటో నడుపుతాడట. తిట్టుడైతే మంచిగనే తిట్టిన్రు సార్, మా పోరి సదివి ఇనిపించింది అన్నాడు. సంతోషించాను. ఆగండి, అవలేదు అన్నాడు. గద్వాల్ల సాకెట్లకు కరువా సార్, ఒక్క ఆటో అడ్డా మీద అడిగుంటే పది ఇండ్లు జూపిస్తుండిరి, మా ఇంటికాడ రోజు మూడు ఆటోలు పెడ్తం, మీరు మిషనును అడిగిన్రు గని మనుషులను అడగకపోతిరి అన్నాడు.

పొలిటికల్ సైన్స్ చెప్తాను నేను. ప్రజల్లోకి వెళ్లాలని చెప్తాను.

అక్టోబర్ 13, సోమవారం

డాక్టరు మళ్లీ పరీక్ష చేశాడు. చుట్టూ చూపు ముడుచుకుపోతోంది. చేతి గాజులోంచి చూసినట్టున్నది అన్నది అక్క. జూలైలో పళ్లెమంత ఉండెనట. సెప్టెంబర్‌లో నేను నా పంతానికి పారబోసింది ఎంతో డాక్టరును అడగలేదు.

అక్టోబర్ 19, ఆదివారం

లొంగిపోయాను. డీజిల్ బండి మాట్లాడమని శైలజతో చెప్పాను. ఆమె వెంటనే ఫోన్ తీసింది.

వద్దన్నది అక్క.

ఎందుకని అడిగితే చుక్కల మందు సీసా మూత తిప్పుతూ చెప్పింది. అవ్వకు వాంతులు పట్టుకుంటే మేస్త్రి లారీ ఎక్కించాడు. రాయచూరు దవాఖానకని. ఇంజను పక్కనే పడుకోబెట్టారు. అక్క ఒళ్లో అవ్వ తల. గా డీజిలు కంపుల అవ్వ ఊపిరి ఏదో నాకు సమజ్ గాలె అన్నది. దారిలోనే అయిపోయింది. లారీ పనికి కావాలని మేస్త్రి అక్కడి నుంచే వెనక్కి తిప్పించాడు. అందుకే గొత్తిల్లలోనే పెట్టారు. నాకు ఇది తెలియదు. లారీ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

అప్పటి నుంచి అక్కకు బస్సెక్కితే వాంతి. ఆటో ఎక్కితే వాంతి. నాకు తెలిసింది అంతే, అక్కకు ప్రయాణాలు పడవు. మొన్న గద్వాల దాకా పోయొచ్చినా కడుపుల తిప్పలె తమ్మీ, పొద్దుగూకులు గూసున్న, ఒక్క కంపు లేదు, ఒక్క అదురు లేదు, పోతే నీ బండ్లనే పోత అన్నది.

నాలుగు నెలలుగా ఈ కారు గురించి నేను చెప్పని వాదన లేదు. అసలు వాదన పక్క గదిలో మందు వేసుకొని పడుకొని ఉంది.

నవంబర్ 1, శనివారం. గద్వాల, ఉదయం 9.40

ఇస్మాయిల్ ఇల్లు. వాకిట్లో రెండు ఆటోలు, నా కారు, మూడూ ఒకే గోడకు కట్టేసిన గొడ్లలాగా. నలభై ఒక శాతం. నాలుగున్నర గంటలు పడుతుందట. ఇస్మాయిల్ భార్య హసీనా ఖిచిడీ, పుల్లటి ఖట్టా పెట్టింది. ఆమెది రాయచూరు. అక్క డిక్కీలో సున్నం డబ్బా ఎక్కడ ఒలికిందోనని రెండుసార్లు చూడమంది. ఒలకలేదు.

10.50

ఇస్మాయిల్‌తో బ్యాటరీల మీద వాదించాను. ఎనిమిదేళ్ల తర్వాత పాత బ్యాటరీ ఎవడు తీసుకుంటాడు అంటాడు. అడగాల్సిన ప్రశ్నే. నా దగ్గర సగం జవాబే ఉంది, మొత్తం ఉన్నట్టు చెప్పాను.

11.30

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఎక్కడికి పోతున్నరు అక్కా అని హసీనా అడిగింది. గొత్తిల్లకు అన్నది అక్క. హసీనా నవ్వింది. ఊరికే కాదు, పడిపడి నవ్వింది. గొత్తిల్లనా, మీరు పోయే ఊరు మీకే గొత్తిల్లనా అన్నది. అక్క అర్థంకాక నా వైపు చూసింది. నేను కోపంగా లేచాను. అది ఆనకట్ట కింద మునిగిన ఊరమ్మా, నవ్వే సంగతి కాదు, మా తల్లి సమాధి ఉందక్కడ అన్నాను.

ఆమె చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. మాఫ్ జెయ్యి అన్నా అన్నది. తర్వాత మెల్లగా చెప్పింది. గొత్తిల్ల అంటే ఊరు గాదు. కన్నడంల తెల్వదు అన్నట్టు.

తెల్వదు.

మా అవ్వ తెల్వదు అనే ఊళ్లో ఉంది. నేను తెల్వదు అనే ఊరిని ఆనకట్ట కింద ముంచాను. తెల్వదు అనే ఊరి కోసం జెండాలు పట్టించాను. కన్నడం వచ్చినవాళ్లు ఎంతమంది ఆ వ్యాసం చదివి ఉంటారు? ఈ గద్వాలలోనే మూడుసార్లు ఉపన్యాసం ఇచ్చాను. ఎవరూ చెప్పలేదెందుకు? నేను చెప్పనిచ్చే మనిషినా?

12.15

అక్క ఏడుస్తుందనుకున్నాను. లేదు. కళ్లు మూసుకొని కూర్చుని, ఒక్కొక్కటే పైకి తీసింది.

పని మొదలైన రెండో రోజు. గుంపులో ఎవరికీ ఆ చోటు పేరు తెలియదు. మాలమాదిగలం కాబట్టి ఊళ్లోకి రానిచ్చేవాళ్లు కాదు, గుడిసెలన్నీ గట్టు మీదే. అవ్వకు ఇంటికి ఉత్తరం రాయించాలని ఉండె. పేరు లేకపోతే ఉత్తరం ఎట్ల పోతది అని అవ్వ తనే నీళ్ల బావి దాకా పోయింది. అక్కడ నీళ్లు తోడుతున్న ఆమెను, ఇది ఏ ఊరు తల్లీ అని అడిగింది. ఉరికొచ్చి అందరికీ చెప్పింది, గొత్తిల్లనంట, గొత్తిల్లనంట అని. మస్తు ఖుషీ అయింది గా దినం అన్నది అక్క. గుంపంతా అదే పేరు పట్టుకుంది. ఎక్కడ పని అంటే గొత్తిల్లల అనేటోళ్లం అన్నది.

ఆ బావి దగ్గరి ఆమెకు మీ మాట సమజ్ గాక అన్నదేమో అన్నది హసీనా.

అయితే ఆ మాట అవ్వదే. నలభై ఏడేళ్లు నేను ఊరి పేరు అనుకొని మోసింది అవ్వ నోటి మాట. ఒక్క మాట కూడా గుర్తులేదని ఎన్నిసార్లు రాశాను! నా నోట్లోనే ఉంది. తప్పు విని, సంతోషంగా ఉరికొచ్చి చెప్పిన మాట.

పెరట్లోకి వెళ్లి నిలబడ్డాను. ఇస్మాయిల్ చూసీ చూడనట్టు ఆటో అద్దాలు తుడిచాడు.

2.20

తొంభై ఆరు శాతం. వెనక్కి పోదామా అని అడిగాను, పేరు లేని చోటికి ఎట్ల పోతాం అని. అక్క అప్పటికే ముందు సీట్లో కూర్చుని ఉంది. పేరు లేకుంటె కాలువ ఉండదా అన్నది.

డీజిల్ బండ్లో అయితే గద్వాల ఆగకుండా దాటేవాళ్లం. రాయచూరు అవతల తెల్వదు ఊరికి దారి ఏదని ఊరూరా అడుగుతూ తిరిగేవాళ్లం. ఎంతమంది నవ్వేవాళ్లో.

నవంబర్ 2, ఆదివారం. సురపురం, మధ్యాహ్నం 2.00

జొన్నలు పట్టే పిండి గిర్నీలో కూర్చొని రాస్తున్నాను. కారు గిర్నీ మోటారు పక్కన చార్జింగులో ఉంది. గిర్నీ ఆయన పైసలు వద్దన్నాడు, అక్క చేతికి సున్నం మరకలు చూసి ఏదో అడిగాడు, శైలజ సైగలతో చెప్పింది. అంతా పిండి.

రాత్రి రాయచూరులో హసీనా పుట్టింట్లో ఆగి, కారు నింపుకొని బయల్దేరితే పొద్దున కాలువ దొరికింది. దొరకడమేమిటి, అది ఎక్కడికక్కడ ఉంది. పొలాల మధ్య నుంచి గట్టెక్కి కారు ఆపాను. అక్క దిగి నాలుగడుగులు వేసి నిలబడిపోయింది.

గిన్ని నీళ్లా అన్నది.

నిండుగా, అంచులు ఒరుసుకుంటూ పోతున్నాయి. ఆమె గాజంత చూపులో ఇంకేమీ పట్టి ఉండదు, నీళ్లు తప్ప. గిన్ని నీళ్లా, గిన్ని నీళ్లా అని అంటూనే ఉంది. నాకు అప్పుడు తట్టింది. అక్క ఈ కాలువలో ఎన్నడూ నీళ్లు చూడలేదు. ఆమె చూసింది దుమ్ము లేచే గుంత. నీళ్లు వదిలేలోపే గుంపు ఇంకో గుంతకు వెళ్లిపోయింది. తవ్వినవాళ్లలో ఒక్కరైనా దీన్ని ఇట్లా చూశారా? ఇన్నేళ్లు వాళ్ల గురించే రాశాను. ఈ ప్రశ్న ఒక్కసారి కూడా రాలేదు నాకు.

అవ్వకు ఎవలన్న చెప్పిండ్రో లేదో, గిట్ల వస్తయని అన్నది.

తర్వాత గట్టు వెంట నడిచాం. అక్క నా చెయ్యి పట్టుకొని, శైలజ సున్నం డబ్బా పట్టుకొని. మైలు దాకా. తుమ్మచెట్లు లేవు. మూడు రాళ్లు లేవు. గట్టును తర్వాత ఎన్నిసార్లు ఎత్తు పెంచారో, ఎంత వెడల్పు చేశారో. రెండు వైపులా కనుచూపు మేర ఒకే తీరు మట్టి. అక్క ఆగి, ఏడ పెడుదం తమ్మీ అని అడిగింది.

ఏది అడిగినా నా దగ్గర జవాబు ఉంటుంది. క్లాసులో, సభలో, ఇంట్లో, బస్సులో పక్క సీటువాడికి కూడా. నోరు తెరిచాను.

తెల్వదక్కా అన్నాను.

ఆమె నా చెయ్యి నొక్కింది. సక్కగ జెప్పినవ్, గదే ఊరు అన్నది. అక్కడే కూర్చుంది.

గట్టు అంచు రాళ్లలో మూడింటికి సున్నం వేసింది. కుంచె లేదు, వేళ్లతోనే. శైలజ కొవ్వొత్తి పెట్టింది. గాలికి నాలుగుసార్లు ఆరింది. ఐదోసారి నేను చొక్కా అడ్డం పట్టి కూర్చున్నాను. చెప్పులు విడువురా అన్నది అక్క. విడిచాను. ఆమె ప్రార్థన చేసింది. నేను చేయలేదు. వెలుగు ఆరకుండా చూశాను, అంతే.

ఈ బండి కుటుంబానికి పనికొస్తుందా, దూరాలకు పనికొస్తుందా అని సుదర్శన్ తప్పక అడుగుతాడు. ఏం చెప్పను? ప్రతి వంద కిలోమీటర్లకు ఎవరో ఒకరి గుమ్మం ముందు నిలబడి, జర సాకెట్ ఇస్తరా అని అడగాలని చెప్పాలి. అడగడం నాకు చేతకాదు, నిలదీయడమే వచ్చు. అయినా దీన్ని ఎవడికీ సాకుగా ఇవ్వను. చార్జర్లు పెట్టాల్సిందే. ఏడున్నర బస్సు వేయాల్సిందే. హసీనా ఖిచిడీ మంచిదైనంత మాత్రాన ప్రభుత్వం పని ఆమె చేయకూడదు.

"పటం మింగిన ఊరు" తప్పని పేపర్‌కు రాయాలి. నా పేరుతోనే.

గిర్నీ ఆయన మోటారు ఆపాడు. యాభై మూడు శాతం.

నవంబర్ 3, సోమవారం

నిన్న ఒకటి రాయలేదు.

కాలువ దగ్గర కారు ఎక్కబోతుంటే, అవతలి చేన్లోంచి ఎవరో ఆడమనిషి వాళ్ల తల్లిని కేకేసింది. కన్నడంలో. అవ్వా, అని.

అక్కా నేనూ ఇద్దరం ఒక్కసారే తిరిగి చూశాం.